గేముల వ్యసనం మీద డాక్యుమెంటరీలు: ఏది ఎవరు చూడాలి?

"అన్నయ్యా, వీడికి కాస్త భయం పుట్టేలాంటి సినిమా ఏదైనా ఉంటే చూపించు."

మా చెల్లెలు ఈ మాట అడిగి ఏడాది కావస్తోంది. వీడంటే నా మేనల్లుడు, పర్లాకిమిడిలో పదో తరగతి చదువుతున్నాడు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోనులో గేము ఆడేటప్పుడు హిందీ. రాత్రి పదకొండు దాటాక కూడా దుప్పటి కింద వెలుతురు కనిపిస్తోందనీ, అన్నం కలిపి ముందు పెట్టినా చెవిలో ఉన్నది తీయడం లేదనీ ఆమె బాధ. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఏ పనికైనా ముందు పట్టిక గీసుకోవడం అలవాటు. వీడియో గేముల వ్యసనం మీద, దాని చుట్టుపక్కల విషయాల మీద వచ్చిన డాక్యుమెంటరీలు దొరికినన్ని వెతికి చూశాను. ఏది ఎక్కువ భయపెడుతుందో తేల్చడానికి రెండు సాయంత్రాలు చాలాయి. ఏది ఎవరు చూడాలో తేల్చడానికి రెండు నెలలు పట్టింది, మధ్యలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను.

ఆ పొరపాటు పేరు 'వెబ్ జంకీ'. షోష్ ష్లామ్, హిల్లా మెదాలియా అనే ఇద్దరు ఇజ్రాయెల్ దర్శకురాళ్లు చైనాకు వెళ్లి తీసిన సినిమా ఇది. 2014 జనవరిలో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ప్రదర్శించారు. బీజింగ్ శివార్లలో సైనిక శిబిరంలా నడిచే ఒక చికిత్సా కేంద్రం, అందులో చేర్పించిన కౌమారదశలోని అబ్బాయిలు, వాళ్ల తల్లిదండ్రులు, కేంద్రాన్ని నడిపే తావ్ రాన్ అనే మానసిక వైద్యుడు, ఇదీ కథ. ఇంటర్నెట్ వ్యసనాన్ని వైద్యం చేయవలసిన రుగ్మతగా అందరికంటే ముందు ప్రకటించిన దేశం చైనా. పిల్లలకు యూనిఫాం, తెల్లవారకముందే కవాతు, మందులు, తాళం వేసిన గదులు. చాలామందిని మాయమాటలు చెప్పి తెచ్చి దింపారు. ఒక్కొక్కరూ మూడు నాలుగు నెలలు అక్కడే ఉండాలి.

భయమే కావాలంటే ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. మేనల్లుడినీ, వాడి స్నేహితులు ముగ్గురినీ మా ముందుగదిలో కూర్చోబెట్టి, కంప్యూటర్లో సినిమా పెట్టి, తెర కింద ఇంగ్లిష్ అక్షరాలు వచ్చినప్పుడల్లా తెలుగులో చెబుతూ వచ్చాను. సినిమా అయ్యాక ఒక కుర్రవాడు మెల్లగా అడిగాడు: "మాస్టారూ, ఇలాంటిది మన దగ్గర ఎక్కడుంది?" మిగతా ఇద్దరూ నవ్వారు, మా వాడు మాత్రం నవ్వలేదు. అమ్మా, మావయ్యా కలిసి తనను ఎక్కడికో పంపడానికి చూస్తున్నారని వాడికి అర్థమైంది. పది రోజులు మా ఇంటి గడప తొక్కలేదు. గేము మానలేదు సరికదా, ఫోను వెలుతురు తగ్గించుకుని ఆడటం నేర్చుకున్నాడు.

ఆ తర్వాత అదే సినిమాను మా చెల్లెలికీ, ఆమె భర్తకూ వేసి చూపించాను. పిల్లలతో చూసినప్పుడు నేను పట్టించుకోని సగం అప్పుడు కనబడింది. ఆ కేంద్రంలో తల్లిదండ్రులకు కూడా తరగతులు ఉంటాయి. ఈ పిల్లల పెద్ద సమస్య ఒంటరితనం అని ఆ వైద్యుడే వాళ్లకు చెబుతాడు. తండ్రీ కొడుకులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే సన్నివేశాలు ఉన్నాయి. ఇద్దరికీ మాటలు రావు. వచ్చినవి కూడా నిందలే. మా చెల్లెలి భర్తది బట్టల కొట్టు, ఇంటికి వచ్చేసరికి రాత్రి పదవుతుంది. ఆ సన్నివేశం దగ్గర మంచినీళ్ల కోసమని లేచి, గుమ్మం దగ్గరే నిలబడి మిగతా సినిమా చూశాడు. కాబట్టి పిల్లవాడిని నిద్రపుచ్చాక తల్లిదండ్రులు ఇద్దరే చూడవలసిన సినిమా ఇది. గంటంపావు ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. దీన్ని చూసి 'మనకూ ఇలాంటి శిబిరం ఒకటి ఉంటే బాగుండును' అనుకునేవాళ్లు ఉంటారు, మా వీధిలోనే ఇద్దరు అన్నారు. ఆ చికిత్స నిజంగా పనిచేసిందా అన్న ప్రశ్నకు సినిమా ఎక్కడా 'అవును' అనదు. చైనాలోనే మరొకచోట ఇంటర్నెట్ వ్యసనం పేరుతో పిల్లలకు కరెంటు షాకులు ఇస్తుంటే 2009లో అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆపించవలసి వచ్చింది.

దక్షిణ కొరియా మీద వచ్చిన 'లవ్ చైల్డ్' ఇంకా దారుణంగా ఉంటుంది. వాలెరీ వీచ్ తీసిన ఈ సినిమా 2014లో అమెరికాలో హెచ్‌బీఓ చానల్లో వచ్చింది. ఒక జంట ఇంట్లో మూడు నెలల పాపను వదిలి, రాత్రుళ్లు ఇంటర్నెట్ కేఫులో 'ప్రియస్ ఆన్‌లైన్' అనే గేము ఆడేవారు. ఆ గేములో వాళ్లు ఒక బొమ్మ పాపను పెంచుతారు. ఇంట్లో ఉన్న పాప తిండి లేక చనిపోయింది. 2010లో వాళ్లను అరెస్టు చేశారు. గేము వ్యసనం జబ్బు కాబట్టి శిక్ష తగ్గించాలని కోర్టులో వాదన జరిగింది. దర్శకురాలు ఆ జంట మీద కోపం రెచ్చగొట్టదు. దేశమంతా ఇంటర్నెట్ పరుచుకున్న తీరునూ, తెల్లవార్లూ తెరిచి ఉండే కేఫులనూ, ఆ ఇద్దరికీ తోడంటూ ఎవరూ లేని జీవితాన్నీ చూపిస్తుంది. పెద్దవాళ్లకు, ముఖ్యంగా చట్టాలూ విధానాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మంచి సినిమా. ఇంట్లో పిల్లవాడికి మాత్రం వద్దు. మామిడికాయ కోసిన కుర్రవాడికి ఉరికంబం చూపించినట్టు ఉంటుంది. 'నేను అలాంటివాడినా?' అని వాడు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే వాడు అలాంటివాడు కాడు.

చట్టం అన్నాను కాబట్టి ఒక మాట. అదే కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ గేములు ఆడకూడదని చట్టం చేసింది. పదేళ్లు చూసి, 2022 జనవరిలో ఎత్తేసింది. చైనా దీనికి ఎదురుదారి పట్టింది. 2021 నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే అనుమతి. మన దేశంలో 2020 సెప్టెంబరులో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు. రెండో వార్త పేపర్లో చదివి మా చెల్లెలు రాయగడ మజ్జిగౌరమ్మకు కొబ్బరికాయ కొట్టింది. అప్పటికే మా వాడి ఫోనులో, నిషేధం తగలని దాని మరో రూపం, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఉంది. అమ్మవారి తప్పేమీ లేదు.

'సెకండ్ స్కిన్' 2008లో వచ్చింది. ఆన్‌లైన్ గేముల్లో మునిగిన అమెరికన్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. గేములో పరిచయమై ప్రేమించుకున్న జంట ఉంది, కలిసి ఆడుకునే మిత్రబృందం ఉంది, గేము వల్ల అన్నీ పోగొట్టుకుని బయటపడటానికి కష్టపడే మనిషి కూడా ఉన్నాడు. ఒకే సినిమాలో మంచీ చెడూ రెండూ కావాలంటే ఇది సరిపోతుంది. కాలేజీ చదివే పిల్లలకైతే సిఫారసు చేస్తాను, నాకూ నచ్చింది. అయితే పదో తరగతివాడు ఐదు నిమిషాలు చూసి "మావయ్యా, ఇది తాతల కాలం గేము" అని లేచిపోయాడు. ఆ బొమ్మల పాతదనాన్ని వాళ్లు క్షమించరు.

అదే వయసువాడు 'నేను గేముల్లోనే పైకొస్తాను, కోట్లు సంపాదిస్తాను' అంటున్నాడనుకోండి. అప్పుడు తిట్టకండి, 'ఫ్రీ టు ప్లే' చూపించండి. 2014లో వచ్చింది, యూట్యూబ్‌లో డబ్బు కట్టకుండానే చూడవచ్చు. 2011లో జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగిన డోటా 2 పోటీకి వెళ్లిన ముగ్గురు ఆటగాళ్ల కథ. ఉక్రెయిన్ నుంచి ఒకరు, సింగపూర్ నుంచి ఒకరు, అమెరికా నుంచి ఒకరు. తీసింది వాల్వ్ సంస్థ, అంటే ఆ గేము తయారుచేసినవాళ్లే. కాబట్టి అది కొంతవరకు ప్రకటనే, ఆ సంగతి పిల్లవాడికి ముందే చెప్పాలి. అయినా సింగపూర్ కుర్రవాడు చదువుకూ పోటీకీ మధ్య, ఇంట్లోవాళ్ల అసంతృప్తికీ తన కోరికకూ మధ్య నలిగే భాగం ఏ ఉపన్యాసం కంటే బాగుంటుంది. దాన్ని చూశాక నేను నా పాత పని చేశాను, కాగితం మీద లెక్క వేయించాను. ఆ పోటీకి వచ్చినవి 16 జట్లు, జట్టుకు ఐదుగురు, మొత్తం 80 మంది. ప్రపంచమంతా గాలించి పిలిచినవాళ్లు ఆ 80 మంది. వాళ్లలో పది లక్షల డాలర్ల మొదటి బహుమతి దక్కినది ఐదుగురికి. మేనల్లుడు కాగితం చాలాసేపు చూసి, "మరి ఐఐటీ లెక్క కూడా వేయండి" అన్నాడు. వేశాను. ఆ రోజు ఎవరమూ గెలవలేదు.

ఇక నా పట్టికలో పై వరుసలో మిగిలినది, అసలు వ్యసనం గురించి తీయనే తీయని సినిమా. 'ది రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్'. నార్వే దర్శకుడు బెంజమిన్ రే తీశాడు, 2024లో సన్‌డాన్స్‌లో ప్రేక్షకుల అవార్డు, దర్శకత్వ అవార్డు రెండూ వచ్చాయి, ఆ ఏడాది అక్టోబరు నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. మాట్స్ స్టీన్ అనే అబ్బాయికి పుట్టుకతోనే కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధి. నడక పోయింది, చక్రాల కుర్చీలో పడ్డాడు, చివరి ఏళ్లన్నీ 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే గేము ఆడుతూ గడిపాడు. 2014లో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. పాపం కొడుకు ప్రేమా స్నేహమూ ఎరగకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోతూ, అతను రాసుకునే బ్లాగులో మరణవార్త పెట్టారు. అప్పుడు ఎన్నో దేశాల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. గేములో అతని పేరు ఇబెలిన్. ఆ పేరుతో అతను ఒకరిని ఓదార్చాడు, ఒక తల్లికీ కొడుకుకూ మధ్య మాటలు కలిపాడు, ఒకరితో గొడవపడ్డాడు, తన జబ్బు దాచిపెట్టి అబద్ధాలూ ఆడాడు. గేములో జరిగిన వేల పేజీల సంభాషణలు మిగిలి ఉంటే, వాటి ఆధారంగా ఆ జీవితాన్ని గేము బొమ్మలతోనే తిరిగి కట్టారు.

గేముల పిచ్చి మీద సినిమా అడిగితే గేమును పొగిడే సినిమా చెబుతావేమిటని మా చెల్లెలు నన్ను నిలదీసింది. కారణం ఇది. ఆ తండ్రీ తల్లీ వేసుకున్న లెక్క ప్రకారం కొడుకు చివరి పదేళ్లలో పదిహేను నుంచి ఇరవై వేల గంటలు గేములో ఉన్నాడు. గంటలే వ్యసనానికి కొలమానమైతే లోకంలో అంతకంటే పెద్ద వ్యసనపరుడు ఉండడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను తన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2019లో ఆమోదం పొందిన ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. మూడు విషయాలు చూడమంటుంది: ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతోందని తెలిసి కూడా ఆపలేకపోవడం. ఇవి చదువునో కుటుంబాన్నో ఆరోగ్యాన్నో గట్టిగా దెబ్బతీస్తూ మామూలుగా ఏడాది పాటు కొనసాగితేనే రుగ్మత అనాలి. సెలవుల్లో రోజుకు ఆరు గంటలు ఆడి, బడి తెరవగానే తగ్గించే పిల్లవాడు అందులోకి రాడు. రోజుకు రెండు గంటలే ఆడినా, ఆ రెండు గంటల కోసం పరీక్ష ఎగ్గొట్టి, అబద్ధాలాడి, ఫోను తీసుకుంటే ఇంట్లో సామాను పగలగొట్టే పిల్లవాడు రావచ్చు.

'ఇబెలిన్' చూడకపోతే ఈ తేడా నాకూ తోచేది కాదు. తెరకు ఇవతల కూర్చున్న తల్లికి వంగిన వీపు ఒక్కటే కనిపిస్తుంది. తెరకు అవతల ఏమి జరుగుతోందో తెలుసుకోవాలన్న కోరిక ఆమెలో ఈ సినిమా పుట్టించినంతగా మరేదీ పుట్టించదు. పిల్లవాడి వైపు నుంచి కూడా ఇది మంచిదే. వాడిని దోషిగా నిలబెట్టదు కాబట్టి చివరిదాకా కూర్చుంటాడు. లోపం కూడా చెప్పాలి. ఇది ఒక అసాధారణమైన మనిషి కథ. కాళ్లూ చేతులూ బాగున్న పిల్లవాడు మైదానం వదిలి గదిలో ముడుచుకుంటే దాన్ని సమర్థించడానికి ఈ సినిమాను అడ్డం పెట్టుకుంటాడు, మా వాడు పెట్టుకున్నాడు కూడా. అప్పుడు పైన చెప్పిన మూడు విషయాలు పక్కనే ఉండాలి.

మిగతావి గబగబా. అమెరికాలో వైద్యురాలు, తల్లి అయిన డెలనీ రస్టన్ 2016లో తీసిన 'స్క్రీనేజర్స్'లో తన కూతురికి ఫోను ఇవ్వడానికి ముందు ఇద్దరూ రాసుకున్న ఒప్పందం ఉంది, ఆ ఒక్క ఆలోచన కోసం చూడవచ్చు. ఇది ప్రధానంగా బడుల్లో, సమావేశాల్లో వేసే సినిమా, ఇంట్లో కూర్చుని వెతికితే తేలికగా దొరకదు. 2010లో అమెరికాలో ఫ్రంట్‌లైన్ అనే టీవీ కార్యక్రమం వాళ్లు తీసిన 'డిజిటల్ నేషన్'లో కొరియా కేఫుల భాగం బాగుంటుంది, కానీ స్మార్ట్‌ఫోను ఇంటింటికీ రాకముందు సంగతి. 2020 నాటి 'ది సోషల్ డైలెమా'లో గేములు లేవు. అయినా మా చెల్లెలి భర్తకు దాన్నే సూచించాను. కొట్టు కట్టేశాక మంచం మీద పడుకుని రాత్రి పన్నెండు దాకా రీల్సు చూసే మనిషి కొడుకు ఫోను లాక్కుంటే ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు?

ఈ సినిమాలన్నిటిలో ఒక లోటు ఉంది. దాదాపు అన్నీ కంప్యూటర్ గేముల కథలు. మన పిల్లలు ఆడేది అమ్మ ఫోనులోనో, నాన్న పాత ఫోనులోనో. వజ్రాలనీ, తుపాకుల రంగులనీ ముప్పై రూపాయలు, ఎనభై రూపాయలు నాన్న ఖాతా నుంచి పోతుంటాయి. ఆ చిల్లర ఖర్చు గురించి ఈ సినిమాలు మాట్లాడవు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి మరో జబ్బు. వాటిని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఇంట్లో ఎవరికైనా ఆ అలవాటు ఉంటే ఈ జాబితా పనికిరాదు, దాని దారి వేరు.

సినిమా పని కాదని తోచే పరిస్థితి కూడా ఉంటుంది. నెలల తరబడి బడి మానేయడం, నిద్ర పూర్తిగా తలకిందులు కావడం, చచ్చిపోతాననే మాటలు. అప్పుడు కంప్యూటర్ కట్టేసి, మానసిక సమస్యలకు సాయం చేసే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. వైద్యుడిని కలవాలంటే మన వైపు వాళ్లకు బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి సమస్యల కోసమే 'షట్' అనే ప్రత్యేక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది.

చూడటంలో మన ఊళ్లకు ఉన్న చిక్కు భాషది. వీటిలో మాటలు ఇంగ్లిష్, చైనీస్, కొరియన్, నార్వేజియన్. కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు పదో తరగతివాడు చదవగలడు, వాడి అమ్మకు అంత వేగంగా రాదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఇళ్లలో పరిస్థితి ఇదే: తల్లికి తెలుగు చదవడం వచ్చు, పిల్లవాడికి తెలుగు మాట్లాడటమే వచ్చు. మాట్లాడే భాషలోనే పాఠం ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు వాదించింది ఈ పర్లాకిమిడిలో ఉండే. నేను చేసినదీ అదే, ప్రతి పది నిమిషాలకూ ఆపి తెలుగులో చెప్పడం. 'ఇబెలిన్' దగ్గర ఆ పని మేనల్లుడికి అప్పగించాను. గంటముప్పావు సినిమా మూడు గంటలు పట్టింది. గేములో పదాలు వచ్చిన చోట వాడే అమ్మకు అర్థం చెప్పాడు. గేములో కలిసి ఆడేవాళ్ల సంఘం అంటే ఏమిటో, ఒకడు చెప్పకుండా వెళ్లిపోతే మిగతావాళ్లు ఎందుకు ఎదురుచూస్తారో చెప్పాడు.

మధ్యలో ఆమె ఆపమని అడిగింది. "నీతో ఆడేవాళ్లు ఎవరురా?" నలుగురి పేర్లు చెప్పాడు. ఒకడు గుణుపురంవాడు, ఇద్దరు ఎవరో భువనేశ్వర్ వైపు పిల్లలు. నాలుగోవాడు వింత పేరు పెట్టుకున్నాడు గానీ, తీరా చూస్తే మూడేళ్ల క్రితం తండ్రి బదిలీతో పలాస వెళ్లిపోయిన పక్కింటి అబ్బాయి. అతనికి అట్లు తినిపించిన చేయి ఆమెది. ఇన్నాళ్లూ రాత్రి వాడు దుప్పటి కింద గుసగుసలాడింది ఆ అబ్బాయితోనే.

దుప్పటి కింద వెలుతురు ఆగిపోయిందని చెప్పను. పదకొండు కాస్తా పదిన్నర అయింది, అంతే. కానీ ఒక మ్యాచ్ మొదలైతే అరగంట దాకా మధ్యలో ఆపలేరనీ, మధ్యలో లేస్తే జట్టు ఓడిపోతుందనీ ఆమెకు ఇప్పుడు తెలుసు. అన్నానికి పిలిచేది మ్యాచ్ మొదలవక ముందే పిలుస్తోంది.